పడవలో కాపురం

శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర పనిచేసే మా ఇంజినీరింగ్ క్లాస్‌మేటు ఒకడు పోయిన శనివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. "ఒరేయ్, అపార్ట్‌మెంట్ అద్దె కట్టలేక చస్తున్నా. పాత పడవ ఒకటి కొనుక్కుని మెరీనాలో కాపురం పెట్టేద్దామనుకుంటున్నా" అన్నాడు. మెరీనా అంటే మద్రాసు బీచి కాదండోయ్, పడవలు కట్టేసుకునే రేవు. గట్టు మీంచి కరెంటూ, మంచినీళ్ళూ ఇస్తారు, నెలనెలా చోటుకి అద్దె కట్టాలి. అయితే ఓ తిరకాసు ఉంది. ఆ అఖాతం బాగోగులు చూసే ప్రభుత్వ సంస్థ మామూలుగా ఒక్కో మెరీనాలో పదోవంతు చోట్లకి మించి కాపురాలకి ఒప్పుకోదు. నీళ్ళు అందరివీ, ఇల్లు ఒక్కడిదీ అని వాళ్ళ వాదన. నాకైతే సబబుగానే అనిపించింది.

అదంతా చెప్పి చివర్న "మన తెలుగోళ్ళలో నేనే ఫస్టు రా" అన్నాడు. నేనప్పుడు ఫిల్మ్‌నగర్‌లో మా రూము బాల్కనీలో నిలబడి నీళ్ళ ట్యాంకర్ కోసం ఎదురుచూస్తున్నాను. నవ్వొచ్చింది. వీడు ఫస్టేంటి, మా అమ్మమ్మ చిన్నప్పుడు చూసినవాళ్ళే బోలెడుమంది!

అమ్మమ్మది దుగ్గిరాల దగ్గర పల్లెటూరు. దుగ్గిరాలలో కాలవ మీద లాకులున్నాయి. లాకులంటే తెలీనివాళ్ళ కోసం: కాలవలో నీటిమట్టం ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ ఉన్నచోట పడవ దూకలేదు కదా. రెండు తలుపుల మధ్య పడవని ఆపి, నీళ్ళు నింపో తీసో మట్టం సమానం చేసి అవతలికి వదుల్తారు. మన భాషలో బఫర్ అనుకోండి. అక్కడ పడవలు వరసకట్టి ఆగేవట. ఆగినప్పుడల్లా పడవాళ్ళ ఆడవాళ్ళు గట్టెక్కి మజ్జిగకీ కరివేపాకుకీ ఇళ్ళకొచ్చేవాళ్ళట. అన్ని పడవల్లోనూ సంసారాలు ఉండేవని కాదు, మగవాళ్ళు మాత్రమే ఉండేవే ఎక్కువ. కానీ కొన్నిట్లో పొయ్యీ, బొంతలూ, కోళ్ళూ, పిల్లలూ అన్నీ ఉండేవని అమ్మమ్మ చెప్తుంది.

ఈ పడవలు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోయేవో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు, 1855కి బెజవాడ ఆనకట్ట అయింది. కాటన్ దొర అనగానే మనకి వరిచేలు గుర్తొస్తాయి గానీ, ఆయన దృష్టిలో కాలవ అంటే సాగుతోపాటు రోడ్డు కూడా. రైళ్ళ మీద పోసే డబ్బు పడవ కాలవల మీద పెట్టండి మొర్రో అని 1878లో ఇంగ్లండు పార్లమెంటు కమిటీ ముందు కూడా వాదించాడు. ఎవరూ వినలేదనుకోండి, అది వేరే సంగతి. ఏలూరు కాలవ గోదావరినీ కృష్ణనీ కలిపింది. కృష్ణ నుంచి కొమ్మమూరు కాలవ పెదగంజాం దాకా పోయింది.

అటు మద్రాసు వైపు నుంచి ఇంకో కాలవ. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా చిన్నగా మొదలై, అంచెలంచెలుగా ఉత్తరానికి పాకింది. 1876-78 కరువు మన జిల్లాల్ని ఊడ్చేసిన రోజుల్లో, కూలి కోసం వచ్చిన జనంతో మిగిలిన ముక్కలు తవ్వించి కలిపారు. దానికి అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ పేరు పెట్టారు. తవ్వినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు. అలా కాకినాడలో ఎక్కిన బియ్యం బస్తా సముద్రం మొహం చూడకుండా మద్రాసులో దిగేది. శ్రీహరికోట అంటే మనకి రాకెట్లు, అప్పట్లో మద్రాసు పొయ్యిల్లోకి సరుగుడు కట్టెలు. అవీ ఈ కాలవ మీదే పోయేవి.

ఇంజిన్లు లేవు. గాలుంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కుదరకపోతే గట్టు మీద నడుస్తూ తాడేసి లాగడమే. బకింగ్‌హామ్ కాలవలోది ఉప్పునీరు, పోటు కోసం కూడా ఆగాలి. వారాల తరబడి ప్రయాణం. పెళ్ళాం బిడ్డల్ని ఒడ్డున వదిలేస్తే రెండు పొయ్యిలు వెలిగించాలి, ఆ కూలికి ఒక్క పొయ్యి వెలగడమే గగనం. మావాడిదీ ఇంచుమించు ఇదే లెక్క కదా! ఎండాకాలంలో కాలవలు కట్టేసినప్పుడు మాత్రం వీళ్ళ పని ఆగిపోయేది.

1899లో మద్రాసు-బెజవాడ రైలు దారి పడింది. తర్వాత లారీలొచ్చాయి. 1960లలోనూ, 1976లోనూ వచ్చిన తుఫాన్లు బకింగ్‌హామ్ కాలవని దెబ్బతీశాయి. చెన్నైలో అయితే కాలవలోనే స్తంభాలు పాతి పైన రైలు వేశారు. 2008లో ఈ కాలవల్నీ, గోదావరి, కృష్ణల్లో కొంత భాగాన్నీ కలిపి నాలుగో జాతీయ జలమార్గం అన్నారు, 1,078 కిలోమీటర్లు. బియ్యం పడవలు మాత్రం తిరిగి రాలేదు.

నాకు అసలు బాధ ఇంకోటి. మన సినిమావాళ్ళలో చాలామంది ఈ కాలవల గట్లమీంచే మద్రాసు పోయారు. అక్కణ్ణుంచి మెల్లగా హైదరాబాదొచ్చి, 1976లో అన్నపూర్ణ స్టూడియో, ఆ తర్వాత మా ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ కొండరాళ్ళ మీద స్థిరపడ్డారు. ఇక్కడ దగ్గర్లో ఉన్న నీళ్ళల్లా దుర్గం చెరువే. ఒకప్పుడు గోల్కొండకి మంచినీళ్ళిచ్చిన చెరువు, 2020 నుంచి దానిమీద కేబుల్ బ్రిడ్జి, సెల్ఫీలు. పడవ అంటే కాసేపు తిరిగొచ్చేదే. మనవాళ్ళు పడవని మర్చిపోయారని అనను. 'మూగ మనసులు' (1964)లో హీరోయే పడవవాడు, 'అందాల రాముడు' (1973), 'గోదావరి' (2006) రెండూ లాంచీ ప్రయాణాలు. మూడూ నాకిష్టమే. కానీ లాంచీ ఎక్కినవాళ్ళు భద్రాచలంలో దిగిపోతారు. దిగడానికి వేరే ఇల్లు లేనివాళ్ళ కథ, నేను చూసినంతలో, రాలేదు.

అలాంటివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ధవళేశ్వరం దగ్గర గోదావరిలో పడవల్లోనే వండుకుని, అక్కడే పడుకునే జాలరి కుటుంబాల గురించి అప్పుడప్పుడూ పేపర్లలో వస్తుంటుంది. డోర్ నంబరు లేని ఇంటికి రేషన్ కార్డెలా ఇస్తారు, పిల్లాణ్ణి ఏ ఊరి బడిలో వేస్తారు? మావాడికి ఈ బాధలేవీ లేవు, ఉత్తరాలు ఆఫీసుకి తెప్పించుకుంటాడట.

ఆదివారం అమ్మమ్మకి ఫోన్ చేసి, ఆ పడవాళ్ళది ఏ ఊరని అడిగాను. "ఏమోరా, ఎవరడిగారు? ఆ చంటిపిల్లాడి నడుముకి తాడు కట్టి, ఆ కొస తెరచాప కొయ్యకి కట్టేవాళ్ళు, నీళ్ళల్లో పడకుండా. అది మాత్రం గుర్తుంది" అంది.

మావాడు వెయిటింగ్ లిస్టులో పేరిచ్చాడట. వాళ్ళావిడకి ఇంకా చెప్పలేదు :)