పాత ట్రాక్టరుకు సామాను: శింగనమల మెట్టలో ఒక పనితనం చరిత్ర

కంపెనీ తయారీ ఆపేసిన ట్రాక్టరుకు సామాను వెతికి తేవడం, దొరక్కపోతే లేతు మీద చేయించుకోవడం శింగనమల చుట్టుపక్కల సేద్యంలో ఎప్పుడో కలిసిపోయిన పని. దీనికి మూలం వానలో ఉంది. శింగనమల ఉన్న అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందులో శెనక్కాయ విత్తనానికి పనికొచ్చే వాన జూన్, ఆగస్టు నెలల మధ్య ఒకటో రెండో పడుతుంది. ఎర్రనేలలో ఆ పదును నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. చెరువు కింద మడి ఉన్నవాళ్ల సంగతి వేరు. మెట్ట రైతు గొర్రు మాత్రం ఆ నాలుగు రోజుల్లోనే చేలో తిరగాలి. ఆ సమయంలో క్లచ్ జారినా, హైడ్రాలిక్ లేవకపోయినా, సామానుకు వారం పడుతుందని డీలరు చెప్తే ఆ ఏడు విత్తనం లేదనే లెక్క. 2000 దశకంలో జిల్లాలో వేరుశనగ విస్తీర్ణం 8 లక్షల హెక్టార్ల దాకా వెళ్లింది. అంత నేలా ఒకే వానకు కదలాలంటే కొత్తా పాతా చూడకుండా ఉన్న ప్రతి ట్రాక్టరూ రోడ్డెక్కాల్సిందే.

కరువు బండ్ల ఆయుష్షును కూడా పెంచింది. గడ్డి లేక ఎద్దులను సంతకు తోలినవాళ్లు మళ్లీ జత కొనలేక బాడుగ ట్రాక్టరుకు అలవాటుపడ్డారు. ట్రాక్టరు ఉన్నవాళ్లేమో పంట పండిన ఏడు అప్పు తీర్చుకుని, పండని ఏడు పాత బండినే నెట్టుకొచ్చారు. తయారుచేసిన కంపెనీ మూతపడ్డాక కూడా ట్రాక్టరు పొలంలో మిగిలి ఉండటం ఇలా మొదలైంది.

దేశంలో 1951 నాటికి ట్రాక్టర్లు సుమారు 8,500. అన్నీ బయటి నుంచి వచ్చినవే. 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్ కంపెనీ జర్మన్ సాంకేతికతతో మొదటి ట్రాక్టరు తయారుచేసింది. 1960లో మద్రాసులో పుట్టిన టాఫే, మాసే ఫెర్గూసన్ నమూనాలను దక్షిణాదికి చేర్చింది. 1965 నుంచి మహీంద్రా, అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కలిసి నడిపిన కంపెనీ బి-275ను ఇచ్చింది. పోలండ్ ఉర్సస్‌తో మొదలుపెట్టిన ఎస్కార్ట్స్ 1971లో ఫోర్డ్ 3000 తయారీని కూడా చేపట్టింది. అదే ఏడాది హర్యానాలోని పింజోర్‌లో ప్రభుత్వరంగ హెచ్‌ఎంటీ, చెకోస్లొవేకియా జెటార్ సాయంతో 25 హార్స్‌పవర్ 2511 తయారీకి దిగింది. 1974లో వచ్చిన స్వరాజ్ మాత్రం దుర్గాపూర్ పరిశోధన సంస్థలో గీసిన స్వదేశీ నమూనా.

దేశంలో తయారయ్యేవి చాలక మధ్యలో దిగుమతులూ నడిచాయి. సోవియట్ డీటీ-14, తూర్పు జర్మనీ ఆర్ఎస్-09, జెటార్ బండ్లు రాష్ట్రాల ఆగ్రో ఇండస్ట్రీస్ కార్పొరేషన్ల ద్వారా రైతులకు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కార్పొరేషన్ 1968లో ఏర్పడింది. ట్రాక్టరు కోసం పేరు రాయించుకుని కాచుకునే రోజులవి; ఏ దేశపు బండి వస్తుందో ఎంచుకునే వీలు చాలామందికి లేదు. దిగుమతి ఆగిన నాడే ఆ బండ్లకు సామాను రాకడా ఆగినట్టే. విడిభాగాల కరువును మొదట చవిచూసినవి ఇవే.

దేశంలో తయారైన బండ్ల విషయం ఇంత తెగతెంపులుగా ఉండదు. కంపెనీ పేరు పోయినా నమూనా ఇంకో పేరుతో బతుకుతుంది. అందుకే పాత ట్రాక్టర్లు చూసే మెకానిక్కుకు మొదట తెలియాల్సింది బండి గోత్రం. బి-275 ఇంగ్లండులోని బ్రాడ్‌ఫోర్డ్ ఫ్యాక్టరీలో పుట్టిన నమూనా. 1977లో ఇక్కడి ఉమ్మడి కంపెనీ మహీంద్రాలో కలిసిపోయాక అదే వంశం మహీంద్రా 275 దాకా సాగింది. ఫోర్డ్ పేరు దేశంలో చెరిగిపోయినా 3600 నమూనా పోలికలు ఫార్మ్‌ట్రాక్ 60లో కనిపిస్తాయి. ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారం 2005లో టాఫేకు, స్వరాజ్ 2007లో మహీంద్రాకు పోయాయి కాబట్టి వాటి సామానుకు దారి మూసుకుపోలేదు. పాత పేరుతో అడిగితే అంగట్లో లేదంటారు, వారసుడి పేరుతో అడిగితే అరమీద నుంచి తీసిస్తారు. అన్నీ అమరవు. కొన్నింటికి బోల్టు రంధ్రం జరుగుతుంది, కొన్నింటికి పొడవు మిగులుతుంది. ఆ తేడా ఎక్కడుందో తెలిసినవాడిదే గిరాకీ.

హెచ్‌ఎంటీకి వారసుడు లేడు. పింజోర్ ట్రాక్టర్ల విభాగం మూసివేతకు కేంద్ర మంత్రివర్గం 2016 అక్టోబరులో ఆమోదం తెలిపింది. అదే ఏడాది హెచ్‌ఎంటీ గడియారాల కంపెనీ మూతకూ ఆమోదం వచ్చింది. ఊరంతా గడియారం గురించే బాధపడింది గానీ, చేలో పనిచేస్తున్నది ట్రాక్టరే. అయితే జెటార్ నమూనాలో ఒక మేలుంది. 2511లో రెండు, 3511లో మూడు, 4511లో నాలుగు సిలిండర్లు. ఒక్కో సిలిండరు కొలత మాత్రం ఒకటే, 780 ఘన సెంటీమీటర్లు. అందుచేత ఒక బండి లైనరు, పిస్టన్ ఇంకో బండికి పనికొస్తాయి. చెడిపోయిన పెద్ద ట్రాక్టరొకటి విప్పితే రెండు చిన్న ట్రాక్టర్ల ఇంజన్లకు సామాను వస్తుంది.

సామాను మూడు రకాలు: ఒరిజినల్, లోకల్, సెకండ్ హ్యాండ్. అనంతపురంలో దొరకనిది బెంగళూరు జేసీ రోడ్డుకో, సికింద్రాబాద్ రాణిగంజ్‌కో వెళ్లి తెచ్చుకోవాలి. అక్కడా లేకపోతే ఢిల్లీ కాశ్మీరీ గేట్ నుంచి పార్శిల్ రావాలి. లూథియానా, రాజ్‌కోట్ వర్క్‌షాపుల్లో తయారైన లోకల్ సామాను అచ్చు ఒరిజినల్ లాగే ఉంటుంది, లోపల ఉక్కే వేరు. పాత ఇనుము అంగళ్లది మూడో దారి. హౌసింగ్, యాక్సిల్ లాంటి బరువైన పోత భాగాలు కొత్తవి కావాలంటే పోత పోయించాలి, దానికి చెక్కతో ప్యాటర్న్ చేయించాలి. ఒక్క బండి కోసం ఆ ఖర్చు ఎవరూ పెట్టరు.

కొన్నింటికి ఈ బాధే లేదు. బేరింగు మీద 6206 అని ఉంటే లోపలి వ్యాసం 30, బయటి వ్యాసం 62, మందం 16 మిల్లీమీటర్లు. ఏ దేశంలో చేసినా అంతే. ఆయిల్ సీలును కూడా ఇలాగే మూడు కొలతలతో అడుగుతారు. నూర్పిడి యంత్రాన్ని తిప్పే పీటీవో షాఫ్టు ఆరు పళ్లతో, నిమిషానికి 540 తిరుగుళ్లతో ప్రామాణికమైపోయింది. ప్రమాణంలోకి వచ్చిన భాగానికి కంపెనీ బతికిందా పోయిందా అన్నదానితో పనిలేదు.

మిగతాదంతా లేతు మీద జరిగే పని. ముందు యాక్సిల్ కింగ్‌పిన్ బుష్‌నే తీసుకుంటే, పనితనమంతా కొలతలో ఉంది. అరిగిన బుష్‌ను వర్నియర్‌తో కొలిస్తే తెలిసేది అరుగుదల కొలతే. తెలిసిన టర్నర్ పిన్ను చివర రాపిడి తగలని చోటు వెతికి అక్కడ కొలుస్తాడు. బుష్ కూర్చునే రంధ్రాన్ని విడిగా కొలుస్తాడు. గన్ మెటల్ కడ్డీని బయటివైపు రంధ్రం కన్నా రెండు మూడు థౌలు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) లావుగా తిప్పుతాడు, ప్రెస్‌లో బిగుతుగా కూర్చోవడానికి. కూర్చోగానే లోపలి వ్యాసం కాస్త కుంచించుకుపోతుంది గనుక లోపలి కొలతను ముందే పూర్తిచేయకుండా కొంచెం మిగులుస్తాడు, ప్రెస్ చేశాక రీమర్ తిప్పుతాడు. ఆఖరున గ్రీజు కోసం గాడి. తొందరపడి లోపలి కొలత ముందే తీసినవాడి బుష్‌లో పిన్ను దూరదు, సుత్తితో కొట్టి దూరిస్తే పొలం గట్టు దాటకముందే పట్టేస్తుంది.

మరలూ చిక్కుపెడతాయి. ఇంగ్లండు, అమెరికా వంశపు బండ్లకు అంగుళాల మరలు, జెటార్‌కు మిల్లీమీటర్ల మరలు. అంగుళాల లీడ్ స్క్రూ ఉన్న లేతు మీద మిల్లీమీటర్ల మర కోయాలంటే 127 పళ్ల గేరు మార్చి బిగించాలి. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, దానికి అయిదు రెట్లు 127. ఆ గేరు లేని లేతు మీద కోసిన మర దగ్గరదగ్గరగా కుదిరినట్టే ఉంటుంది గానీ నాలుగు చుట్లకు బిగుసుకుంటుంది.

క్రాంకు పనికి ఒక గడువుంది. అరిగిన జర్నల్‌ను 10 థౌలు గ్రైండ్ చేసి 10 అండర్‌సైజ్ బేరింగు వేస్తారు, తర్వాత 20, ఆ తర్వాత 30. అక్కడితో సాధారణంగా దాని బతుకు అయిపోతుంది. గేరు పళ్లు మిల్లింగ్ మీద కోయడం వచ్చినవాళ్లున్నారు. కోసినదాన్ని పైపొర గట్టిపడేలా కాల్చి చల్లార్చడం దగ్గరే చాలామంది పని బెడిసికొడుతుంది. మైల్డ్ స్టీల్ కడ్డీతో చవగ్గా చేసిన షాఫ్టు సేద్యం సగంలో మెలిపడుతుంది. లేతు పని అంటే అద్భుతమని పొగిడేవాళ్లు ఈ షాఫ్టులను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

డీజిల్ పంపు ఎలిమెంటును ఊళ్లో ఎవరూ చేయలేరు. ప్లంజరు, బ్యారెల్ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే. ఆ పని 1951లో బెంగళూరులో మొదలైన మైకో లాంటి ఫ్యాక్టరీలది. అనంతపురం వైపు రైతులకు ఆ ఊరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉండటం ఒక అదృష్టం.

శింగనమల పక్క మండలమైన గార్లదిన్నెలో 1983లో కేంద్ర ప్రభుత్వం దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థను పెట్టింది. ఆ చోటు పేరే ట్రాక్టర్ నగర్. 1955లో మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఇలాంటి సంస్థల్లో మొదటిది ఏర్పడింది. అక్కడ ట్రాక్టరును పరీక్షించాక ఇంజన్ విప్పి లైనరు, పిస్టన్, బేరింగుల అరుగుదలను కొలిచి నివేదికలో రాస్తారు. కంపెనీ మూతపడ్డాక అసలు కొలత ఎంతో చెప్పే కాగితాలు అలాంటివే. లేతు దగ్గరికి అవి చేరడం అరుదు. అక్కడ కొలత టర్నర్ జ్ఞాపకంలోనో, గోడ మీద సుద్దముక్కతో రాసిన అంకెల్లోనో ఉంటుంది.

2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు కొత్త ఉద్గార ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. వాటి ఇంజన్లలో ఇంధనాన్ని కొలిచేది ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్. అందులోని ప్రోగ్రాము కంపెనీ చేతిలో ఉంటుంది, దాన్ని లేతు మీద తిప్పడం కుదరదు. మెట్ట రైతులు ఎక్కువగా కొనేది మాత్రం 50 లోపు బండ్లే. వాటికి పాత పంపులూ గేర్లూ ఉన్నంతకాలం శింగనమల వైపు టర్నర్లకు పని ఉంటుంది.