‘స్వరాజ్య’: సగమే గెలిచిన వాదం

1955 జనవరిలో మద్రాసు శివార్లలోని ఆవడిలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. సోషలిస్టు తరహా సమాజమే దేశం లక్ష్యమని అక్కడ తీర్మానించారు. మరుసటి ఏడు కొత్త పారిశ్రామిక విధానం, రెండో పంచవర్ష ప్రణాళిక వచ్చాయి. కీలక పరిశ్రమలు ప్రభుత్వం చేతికి వెళ్లాయి, మిగిలినవాటిలో చాలావాటికి లైసెన్సు అప్పటికే తప్పనిసరి. పార్లమెంటులో బలమైన ప్రతిపక్షం కమ్యూనిస్టులు. నెహ్రూ ఎడమవైపు చాలినంత జరగడంలేదన్నది వాళ్ల ఫిర్యాదు. ఆ ఆర్థిక దారే తప్పని వాదించే గొంతు మాత్రం పలచగా ఉండేది. ఆ లోటు తీర్చడానికి 1956లో మద్రాసు నుంచి ‘స్వరాజ్య’ అనే ఇంగ్లీషు వారపత్రిక వెలువడింది.

దాన్ని స్థాపించిన సంపాదకుడు తెలుగువాడు. నెల్లూరుకు చెందిన ఖాసా సుబ్బారావు ప్రకాశం పంతులు నడిపిన ‘స్వరాజ్య’ దినపత్రికలో పనిచేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. 1946లో ‘స్వతంత్ర’ వారపత్రిక పెట్టి, కాంగ్రెస్ పాలకులను కూడా మొహమాటం లేకుండా విమర్శించారు. పదేళ్ల తర్వాత పెట్టిన కొత్త పత్రికకు ప్రకాశం పత్రిక పేరే పెట్టుకున్నారు. తమిళ ‘కల్కి’ని నడిపిన సదాశివం అండగా నిలిచారు.

పత్రికకు దేశవ్యాప్తంగా పేరు తెచ్చింది మాత్రం రాజాజీ. గవర్నర్ జనరల్‌గా, మద్రాసు ముఖ్యమంత్రిగా పనిచేసిన ఆయన ‘డియర్ రీడర్’ శీర్షికతో పాఠకుడికి ఉత్తరం రాసినట్టు రాసేవారు. ద్రవ్యోల్బణం, పన్నులు, భూపరిమితి, అధికారుల పెత్తనం ఆయనకు నిత్య విషయాలు. వ్యాపారం చేయాలన్నా ఫ్యాక్టరీ పెట్టాలన్నా ఢిల్లీ గడప తొక్కాల్సిన ఆ వ్యవస్థను ఆయన ‘పర్మిట్-లైసెన్సు-కోటా రాజ్యం’ అన్నారు. కాంగ్రెస్ ఎడమకు ఒరిగిపోయింది కాబట్టి ప్రజాస్వామ్యం నిలవాలంటే కుడివైపు బలమైన పక్షం ఒకటి ఉండాలన్నది ఆయన ప్రధాన వాదన.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని సమర్థించడంతో ఆ వాదనకు పార్టీ రూపం వచ్చింది. తన పొలం తనకు దక్కదేమోనన్న భయం సొంత భూమి దున్నుకునే రైతును పట్టుకుంది. గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన రైతు నాయకుడు ఎన్.జి. రంగా కాంగ్రెస్‌ను వదిలారు. ఆ జూన్‌లో మద్రాసులో స్వతంత్ర పార్టీని ప్రకటించినప్పుడు ఆయనే అధ్యక్షుడయ్యారు. ‘స్వరాజ్య’ అధికారికంగా పార్టీ పత్రిక కాకపోయినా, పార్టీ ఆలోచన తెలుసుకోవాలంటే దాన్నే చదివేవారు.

ఆ పేజీల్లో కలిసినవాళ్లంతా ఒకే మూసలోవాళ్లు కారు. రాజాజీకి ధర్మం, సంయమనం ముఖ్యం. ఆర్థిక స్వేచ్ఛకు కూడా నైతికమైన కట్టు ఉండాలంటారు. మినూ మసానీ పాశ్చాత్య ఉదారవాది. ‘విఘ్నేశ్వర’ పేరుతో రాసిన ఎన్. రఘునాథన్ సంప్రదాయ పండితుడు. సంపాదక బాధ్యతలు మోసిన ఫిలిప్ స్ప్రాట్ కథ మరీ విచిత్రం. బ్రిటిష్ కమ్యూనిస్టుగా ఇండియాకు వచ్చి, మీరట్ కుట్ర కేసులో శిక్ష అనుభవించి, చివరికి కమ్యూనిజానికి బద్ధ విరోధిగా మారారు. వీళ్లను ఒకచోట చేర్చింది ప్రభుత్వం చేతిలో అంత అధికారం ఉండకూడదన్న పట్టుదల ఒక్కటే.

ఓట్ల లెక్కలో ఫలితం కొంతవరకు కనిపించింది. స్వతంత్ర పార్టీకి లోక్‌సభలో 1962లో 18, 1967లో 44 స్థానాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఆ రెండు ఎన్నికల్లో 19, 29 స్థానాలు గెలిచింది. ఈ గెలుపును పత్రిక ఖాతాలో వేయలేం. ఒరిస్సా, రాజస్థాన్‌లలో ఓట్లు రాబట్టింది మాజీ సంస్థానాధీశుల పలుకుబడి. ఆంధ్రలో రైతు నాయకుల పట్టు. ఇంగ్లీషు వారపత్రిక చేరింది వకీళ్లకు, అధ్యాపకులకు, రిటైరైన అధికార్లకు. పాఠకులూ ఓటర్లూ వేరువేరుగా ఉండిపోవడమే ఈ ఉద్యమం బలహీనత. 1971లో ఇందిరాగాంధీ ప్రభంజనంలో పార్టీ బలం 8కి పడిపోయింది. అదే ఏడాది స్ప్రాట్, 1972 డిసెంబరులో రాజాజీ పోయారు. 1974లో పార్టీ చరణ్ సింగ్ నేతృత్వంలోని భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. పత్రిక 1980లో మూతపడింది.

పత్రిక ఆగాక పదకొండేళ్లకు దాని ఆర్థిక వాదన అధికారంలోకి వచ్చింది, అదీ కాంగ్రెస్ ద్వారా. 1991 జులైలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం 18 పరిశ్రమలకు తప్ప మిగతావాటికి లైసెన్సు అక్కర్లేదని ప్రకటించింది. అందుకు తక్షణ కారణం విదేశీ మారక సంక్షోభమే గానీ రాజాజీ రచనలు కావు. అయినా ఆ సంస్కరణలను సమర్థించినవాళ్లు వల్లించిన విమర్శ చాలావరకు ‘స్వరాజ్య’ ముప్పై ఏళ్ల ముందు చేసిందే.

2014లో కొత్త యాజమాన్యం పత్రికను పునరుద్ధరించింది. ఇప్పుడది స్వేచ్ఛా విపణితో పాటు హిందూ సంస్కృతి, దేవాలయాలు, జాతీయ భద్రత విషయాల్లో కుడిపక్షానికి వాదిస్తుంది. రాజాజీ మితవాదంలో మరికొన్ని పాళ్లుండేవి. హిందీని రుద్దడాన్ని ఆయన వ్యతిరేకించారు. పాకిస్తాన్‌తో సయోధ్య కోరారు. 1962లో అణుపరీక్షలు ఆపమని అడగడానికి అమెరికా వెళ్లి అధ్యక్షుడు కెనడీని కలిశారు. నేటి కుడిపక్ష రాజకీయాల్లో ఈ పాళ్లకు చోటు తక్కువ.

కాబట్టి ‘స్వరాజ్య’ ప్రభావాన్ని రెండు పద్దులుగా చూడాలి. లైసెన్సుల మీద దాని వాదనను 1991 తర్వాతి ప్రభుత్వాలన్నీ ఎంతో కొంత ఒప్పుకున్నాయి. ప్రభుత్వాధికారానికి హద్దు ఉండాలన్న వాదనను మాత్రం ప్రతిపక్షంలో ఉన్నంతసేపే అందరూ మెచ్చుకుంటారు. రాజాజీకి ఈ రెండూ ఒకే సూత్రం. వారసులు తమకు పనికొచ్చిన సగాన్నే పుచ్చుకున్నారు.