ఆడటం వేరు, ఆట నేర్పడం వేరు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసివ్వమని కార్యదర్శిగారు కోరారు. డి.ఏ. బకాయిల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు కనుక, నాకు తెలిసిన ఆటల గురించి రాస్తున్నాను. 1971 నుంచి 2006 వరకు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశాను. కాగితాల మీద హోదా ఏదైనా, పిల్లలకు మాత్రం నేను డ్రిల్లు మాస్టారినే.

2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. అది చూసి వచ్చిన మా మనవడు, "తాతయ్యా, ఈ రహీంగారు మన హైదరాబాదు ఆయనేనట కదా! చాలా గొప్ప ఆటగాడా?" అని అడిగాడు. "ఆటా ఆడారు, కానీ వృత్తికి బడిపంతులు. పేరు వచ్చింది ఆడినందుకు కాదు, నేర్పినందుకు" అన్నాను. వాడికి ఆశ్చర్యం వేసింది. ఆట బాగా ఆడినవాడే బాగా నేర్పగలడని మనలో చాలామంది అనుకుంటాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. ఆ అపోహకు మూల్యం చెల్లించింది మాత్రం నేను కాదు, నా విద్యార్థి ఒకడు. ఆ సంగతి చివర చెబుతాను.

మన దేశంలో ఆట నేర్పడాన్ని ఒక చదువుగా గుర్తించడానికి చాలా కాలం పట్టింది. 1920లో హారీ క్రో బక్ అనే అమెరికా దేశస్థుడు మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను ప్రారంభించారు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రపు రోజుల్లో మన తెలుగు జిల్లాల నుంచి కూడా అక్కడికి వెళ్ళి శిక్షణ పొంది వచ్చినవారున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1953లో, కేంద్ర ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ పేరుమీద ఒక శిక్షణ పథకం మొదలైంది. శిక్షకులను తయారుచేయడానికే ఒక జాతీయ సంస్థ పాటియాలాలోని మోతీబాగ్ రాజభవనంలో వెలిసింది 1961లో. శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారం ఇవ్వడం 1985లో మొదలైంది. పి.టి. ఉషను తీర్చిదిద్దిన ఓ.ఎం. నంబియార్ ఆ తొలి ఏడాదే దానిని అందుకున్నారు.

సయ్యద్ అబ్దుల్ రహీం ఈ పథకం, ఈ జాతీయ సంస్థ, ఈ పురస్కారం లేని కాలం నుంచే పనిచేశారు. హైదరాబాదు పాఠశాలల్లో పాఠాలు చెబుతూనే ఫుట్‌బాల్ నేర్పారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన పద్ధతి పూర్తిగా బడిపంతులు పద్ధతి. లెక్కల మాస్టారు కూడికలు రానిదే గుణకారం చెప్పరు కదా! అలాగే ఆయన ఒక్కొక్క నేర్పును విడదీసి, అది వంటబట్టాకే రెండోది చెప్పేవారు. బంతిని ఎవరూ తమ దగ్గరే ఉంచుకోకుండా వెంటనే అందించాలనే నియమంతో పోటీలు పెట్టారు. అలవాటు లేని కాలితోనే ఆడాలనే పోటీలూ పెట్టారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో తన్నాలన్నమాట. నలుగురూ తడబడతారు, నవ్వుకుంటారు, నేర్చుకుంటారు. తిట్టే అవసరమే రాదు.

ఆయనకూ ఓటమి తప్పలేదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 తేడాతో ఓడింది. చలిదేశంలో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. 4 ఏళ్ళకు, 1956 మెల్‌బోర్న్‌లో, మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా 3 గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. ఓటమికి ఆటగాళ్ళను నిందించి ఊరుకోక, నేర్పడంలో లోపం ఎక్కడుందని వెతికినవాడికే ఇది సాధ్యం.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీంగారు అతణ్ణి ముందు వరుసలో గోల్స్ చేసే స్థానానికి మార్చారు. అతను సెమీఫైనల్లోనూ గోల్ చేశాడు, దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఫైనల్లోనూ చేశాడు. శిష్యుడు నిన్న ఏమిటన్నది కాక, ఈ రోజు ఏం చేయగలడన్నది చూడటమే ఆ గురువు గొప్పతనం. మరుసటి ఏడాది, 1963 జూన్‌లో, క్యాన్సర్ వ్యాధితో ఆయన కన్నుమూశారు.

ఇక నా సంగతి. 1973లో మా బడి వాలీబాల్ జట్టులో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ఉండేవాడు. పొడగరి, ఎగిరితే వల పైకి మోచేయి వచ్చేది. ఎడమచేతి వాటం. నేను కళాశాల జట్టులో ఆడినవాణ్ణి, కుడిచేత్తోనే స్మాష్ కొట్టినవాణ్ణి. వాణ్ణీ కుడిచేత్తోనే కొట్టమన్నాను. ఎడమచెయ్యి లేపితే గ్రౌండు చుట్టూ 5 రౌండ్లు పరుగు. ఎండలో మధ్యలో నీళ్ళు తాగనిచ్చేవాణ్ణి కాదు, తాగితే ఆయాసం వస్తుందని మాకు నేర్పారు. 3 వారాలు కష్టపడ్డాడు. ఒకరోజు రాలేదు. మరి గ్రౌండుకు రానేలేదు. భయపడ్డాడులే అనుకున్నానే గాని, వాళ్ళింటికి వెళ్ళి ఎందుకు రావడం లేదని అడగలేదు.

1976 వేసవిలో పాటియాలా సంస్థవారి 6 వారాల సర్టిఫికెట్ కోర్సు చేశాను. అక్కడ చెప్పిన ప్రాథమిక సూత్రాలు వింటే ఇంతేనా అనిపిస్తాయి. ముందు ఒంటిని వేడెక్కించాలి. చెప్పేది క్లుప్తంగా చెప్పాలి, చేసి చూపాలి, చేయించాలి, ఆ తర్వాతే దిద్దాలి. ఒకసారికి ఒకే తప్పు దిద్దాలి. శ్రమ కొద్దికొద్దిగా పెంచాలి, విశ్రాంతిని కూడా శిక్షణగానే లెక్కించాలి. పరుగును శిక్షగా వేస్తే పిల్లవాడికి పరుగంటేనే ద్వేషం పుడుతుంది. అన్నిటికన్నా ముందు, ఎదుట నిలబడిన పిల్లవాణ్ణి చూడాలి. ఈ చివరి మాట వినగానే నాకు ఆ కుర్రాడే కళ్ళముందు మెదిలాడు. వాలీబాల్‌లో ఎడమచేతి వాటం లోపం కాదు, ఎదుటి జట్టును తికమకపెట్టే వరం. రహీంగారు అలవాటు లేని కాలికి పని చెప్పారు, అలవాటున్న కాలిని నరికేయలేదు. నేను చేసింది ఆ రెండో పని.

కోర్సు నుంచి వచ్చాక వాడి కోసం విచారించాను. పదో తరగతి మధ్యలోనే ఆపి, కుటుంబంతో ఊరు విడిచి వెళ్ళారని తెలిసింది. ఆ తర్వాత 30 ఏళ్ళలో నా చేతికింద ఎందరో పిల్లలు ఆడారు. ఎడమచేతి వాటం పిల్లవాడు కనిపిస్తే మాత్రం, "నీకు ఎలా వీలైతే అలాగే కొట్టు నాన్నా" అనేవాణ్ణి. అది వాడికి నేను చెప్పాల్సిన మాట.

మిత్రులారా, మనలో చాలామంది ఇప్పుడు మనవలను, మనవరాళ్ళను సాయంత్రాలు శిక్షణ కేంద్రాలకు దింపి వస్తున్నాం. ఫీజు ఎంత, శిక్షకుడికి ఎన్ని పతకాలు వచ్చాయి అని విచారిస్తాం. ఇంకో అరగంట అక్కడే బల్లమీద కూర్చుని చూడమని నా మనవి. పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలుస్తున్నారా? తప్పు చేస్తే మళ్ళీ చూపిస్తున్నారా, తిట్టి పంపిస్తున్నారా? దాహమంటే నీళ్ళు తాగనిస్తున్నారా? పిల్లవాడు 2 రోజులు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతున్నారా?

ఈ చివరి ప్రశ్న ఎంత ముఖ్యమైనదో నాకు ఆలస్యంగా తెలిసింది.