చేతిలోకి ఊడొచ్చే కొస

పెట్టెకు 11 తూటాలు. మూత వేసి, అంచుల వెంట సన్నటి కాగితం టేపు అంటించాలి. టేపు కొసను కాస్త బయటికి వదలాలి. ఆపైన పెట్టె మొత్తానికి మైనం పట్టించాలి. వాన పడినా, సముద్రపు చెమ్మ తగిలినా లోపలి మందు తడవకూడదు. యుద్ధభూమిలో పెట్టె చేతికందగానే సైనికుడు ఆ కొస పట్టుకుని ఒక్క లాగు లాగుతాడు. టేపు మైనాన్ని చీల్చుకుంటూ లేస్తుంది, మూత తెరుచుకుంటుంది. లెక్క ప్రకారం జరగాల్సింది ఇదీ.

1943 ఆరంభం. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో డిక్సన్, ఆంబోయ్ ఊళ్ల మధ్య గ్రీన్ రివర్ ఆర్డ్‌నెన్స్ ప్లాంట్ అనే మందుగుండు ఫ్యాక్టరీ నడుస్తోంది. అక్కడ ఈ పెట్టెలు సర్ది, తనిఖీ చేసేవాళ్లలో వెస్టా స్టౌట్ ఒకరు. వయసు యాభై దాటింది. ఎనిమిది మంది బిడ్డల తల్లి. అందులో ఇద్దరు కొడుకులు నౌకాదళంలో ఉన్నారు. ఒకడు పసిఫిక్ దీవుల వైపు, ఇంకొకడు అట్లాంటిక్ నౌకలతో. ఎక్కడో ఉన్నారని తెలుసు, అంతే.

ఆమె సర్దుతున్న తూటాలు మామూలు తూటాలు కావు. వాటిలో గుండు ఉండదు, మందు మాత్రమే ఉంటుంది. తుపాకీ గొట్టం చివర గ్రెనేడ్ తగిలించి, ఈ తూటా పేలిస్తే ఆ వాయువు తోపుకు గ్రెనేడ్ దూరంగా ఎగిరి పడుతుంది. శత్రువు ట్యాంకు మీదికి వస్తున్నప్పుడు పదాతి సైనికుడి చేతిలో ఉన్న కొద్దిపాటి ఆయుధాల్లో ఇదొకటి. తూటా లేకపోతే చేతిలోని గ్రెనేడ్‌ను తుపాకీతో పంపడం కుదరదు. తూటాలేమో పెట్టెలో ఉన్నాయి. పెట్టె తెరుచుకోవాలంటే కాగితం కొస తెగకుండా రావాలి.

ఆ కొస తెగిపోతోంది. వెస్టా తన చేత్తో లాగి చూసింది. వేలికీ బొటనవేలికీ మధ్య పట్టి గుంజితే టేపు మైనంలోంచి లేవకుండా, మైనం మొదలయ్యే చోటే పుటుక్కున తెగి చేతిలోకి ఊడొస్తోంది. మైనం గట్టిగా కరుచుకుని ఉంటుంది, కాగితం పలచన. లాగే బలమంతా ఆ ఒక్క మడత దగ్గరే పడుతుంది. కొస పోయాక పెట్టెకు పట్టుకోవడానికి అంచంటూ దొరకదు, నున్నటి మైనపు దిమ్మ మిగులుతుంది. ఫ్యాక్టరీలో అయితే కత్తి తెచ్చి కోస్తారు. బురద గుంటలో పడుకుని, తడిచేతులతో, తలపైన గుళ్లు పోతుండగా ఆ దిమ్మను గోళ్లతో గీకే కుర్రాణ్ని ఆ తల్లి ఊహించుకోగలిగింది. ఆమె ఊహలో ఆ కుర్రాడికి ఎవరి మొహం ఉండి ఉంటుందో వేరే చెప్పాలా?

ఉపాయం కూడా ఆమే ఆలోచించింది. కాగితం బదులు గట్టి బట్ట టేపు, నీరు పట్టనిది. అతుకుల మీదా అదే వేయాలి, కొసా అదే వదలాలి. చేసి చూసింది. కొస తెగలేదు. ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లకు చూపించింది, బాగానే ఉందన్నారు. పై అధికారులకు చెప్పింది. ఎవరూ కాదనలేదు, ఎవరూ మార్చలేదు. మర్నాడు మళ్లీ అదే కాగితం టేపు చుట్ట, అవే పెట్టెలు.

ఇన్‌స్పెక్టర్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. యుద్ధ సామగ్రిలో ఒక చిన్న పట్టీ మార్చాలన్నా కొలతల పత్రాలు మారాలి, సరఫరాదారు మారాలి, పైనుంచి సంతకం రావాలి. అయినా, చేతిలో తెగుతున్న కొసను కళ్లారా చూసి బాగానే ఉందని ముందుకు నడిచిపోవడాన్ని మాత్రం క్షమించలేను. వెస్టా కూడా క్షమించలేదు.

1943 ఫిబ్రవరి 10, బుధవారం. అంతకు ముందు రోజే పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవిలో ఆరు నెలల పోరు ముగిసింది. ఉత్తర ఆఫ్రికాలో అమెరికన్ సేనలు జర్మన్ ట్యాంకులకు ఎదురు నిలిచి ఉన్నాయి. ఇల్లినాయ్‌లో ఆ తల్లి కాగితం తీసుకుని నేరుగా దేశాధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు ఉత్తరం రాసింది.

అందులో బతిమాలుకోవడం లేదు. తాను ఎక్కడ పనిచేస్తున్నదీ, పెట్టె ఎలా మూస్తున్నదీ, కొస ఎందుకు తెగుతున్నదీ వరసగా చెప్పింది. బట్ట టేపు వేసి చూశానని, ఇన్‌స్పెక్టర్లు బాగుందన్నారని, అయినా టేపు మార్పించలేకపోయానని రాసింది. అర్థం కావడానికి బొమ్మ గీసి చూపించింది. ఆ తర్వాత తన ఇద్దరు కొడుకుల సంగతి చెప్పి, మీ కొడుకులూ యుద్ధంలో ఉన్నారు కదా అని గుర్తుచేసింది. పెట్టె తెరవడానికి నిమిషమో రెండు నిమిషాలో పడితే ఆ లోపల శత్రువు ప్రాణాలు తీసేస్తాడు, గట్టి టేపు ఉంటే దక్కే ప్రాణాలవి అని రాసింది. రూజ్‌వెల్ట్ కొడుకులు నలుగురూ, జేమ్స్, ఎలియట్, ఫ్రాంక్లిన్ జూనియర్, జాన్, అప్పటికి సైన్యంలో ఉన్నారు. ఒక తల్లి ఒక తండ్రికి రాసిన ఉత్తరం అది. ఆ వాక్యాల దగ్గరికి వచ్చేసరికి హోదాల తేడా ఆమెకు అడ్డు రాలేదు.

ఉత్తరం వాషింగ్టన్ చేరింది. అక్కడి నుంచి యుద్ధ సామగ్రి తయారీని అదుపు చేసే వార్ ప్రొడక్షన్ బోర్డుకు వెళ్లింది. కొద్ది వారాల్లోనే ఆ బోర్డులో పొదుపు విభాగం డైరెక్టర్ హోవర్డ్ కూన్లీ నుంచి ఆమెకు జవాబు వచ్చింది. సైన్యపు ఆయుధ విభాగం ఆమె సూచనను ఆమోదించిందనీ, ఎంతో విలువైన ఆలోచనగా మెచ్చుకుందనీ అందులో ఉంది. ఫ్యాక్టరీలో కదలని పని, తపాలా బిళ్ల అంటించిన కవరుతో కదిలింది.

పొదుపు విభాగం నుంచి ఆ మాట రావడంలో ఇంకో విశేషం ఉంది. 1942లో జపాన్ మలయా, డచ్ ఈస్టిండీస్‌లను ఆక్రమించాక అమెరికాకు సహజ రబ్బరు రాక దాదాపు ఆగిపోయింది. సామాన్యుడి కారు టైరుకు కూడా రేషన్ పెట్టిన రోజులు. ఆమె అడిగిన టేపుకు రబ్బరు జిగురు కావాలి. ఒక్కో పట్టీ ఖర్చునూ బేరీజు వేసే వాళ్లే ఆమె మాటకు సరే అన్నారు.

తయారీ పని జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీకి దక్కింది. గాయాలకు వేసే కట్ల మీద అంటించే బట్ట పట్టీలు ఆ కంపెనీ అప్పటికే దశాబ్దాలుగా చేస్తోంది. మన ఊళ్లలో ఇప్పటికీ ప్లాస్టర్ అని పిలుచుకునే తెల్ల పట్టీ ఆ కోవలోదే. బట్ట మీద జిగురు నిలబెట్టడం వాళ్లకు చేతనైన విద్య. నీళ్లకూ గుంజుడుకూ ఓర్చుకునేలా చేయడమే మిగిలింది.

టేపు అనగానే అన్నీ ఒకటే అనిపిస్తుంది గానీ, ప్రతి టేపూ ఏదో ఒక పనిచోట ఎదురైన చిక్కులోంచే పుట్టింది. మిన్నెసోటా రాష్ట్రం సెయింట్ పాల్‌లో త్రీఎమ్ కంపెనీ ఉద్యోగి రిచర్డ్ డ్రూ, గరుకు కాగితం పట్టుకుని కార్ల షెడ్లకు వెళ్లేవాడు. రెండు రంగుల కార్లు మోజుగా ఉన్న కాలమది. ఒక రంగు మీద కాగితం అంటించి రెండో రంగు కొట్టాక, ఆ కాగితం పీకితే కింది రంగు పెచ్చులూడి వచ్చేది. పెయింటర్ల తిట్లు విన్న డ్రూ 1925లో మాస్కింగ్ టేపు తెచ్చాడు. గట్టిగా పట్టుకోవాలి, అడిగినప్పుడు మచ్చ లేకుండా వదలాలి. అది దాని ధర్మం. 1930లో అతనే సెల్లోఫేన్ మీద జిగురు పూసి పారదర్శకమైన టేపు చేశాడు. దాని ధర్మం కంటికి కనబడకపోవడం. ఎలక్ట్రీషియన్ వాడే పీవీసీ టేపు కరెంటును ఆపాలి, తీగ వంపుల మీద సాగి ఒదగాలి. ప్లంబర్ మరల మీద చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపుకైతే జిగురే ఉండదు.

వెస్టా అడిగిన టేపుకు మూడు పొరలు. నడుమ నూలు బట్ట, పైన నీరు దూరని ప్లాస్టిక్ పూత, కింద రబ్బరు జిగురు. బలమంతా ఆ నేతలో ఉంది. నిలువుగా లాగితే పడుగు పోగులన్నీ కలిసి బరువు పంచుకుంటాయి, ఏ ఒక్క చోటా మడత దగ్గర తెగనివ్వవు. అదే టేపును అడ్డంగా రెండు వేళ్లతో పట్టి చీలిస్తే చీలిక పేక పోగు వెంట తిన్నగా నడిచిపోతుంది. కత్తెర అక్కర్లేదు. కాగితం దారి తప్పి చిరుగుతుంది, నేత దారి చూపిస్తుంది. ఇక ఆ జిగురుకు నీళ్లూ వేడీ ఏవీ అవసరం లేదు. వేలితో నొక్కితే మెత్తగా పరుచుకుని, ఉపరితలం మీది సన్నటి గరుకుల్లోకి దిగుతుంది. ఎంత గట్టిగా రుద్దితే అంత ఎక్కువ తావుకు తగులుతుంది, అంత పట్టు. నడుమ దుమ్ము ఉంటే మాత్రం దుమ్మునే అంటుకుని దానితోపాటే ఊడిపోతుంది.

సైన్యపు ఆకుపచ్చ రంగులో వచ్చిన ఆ టేపు పెట్టెల దగ్గర ఆగలేదు. చుట్ట దొరికిన సైనికుడు దాన్ని జీపుకు వేశాడు, బూటుకు వేశాడు, చిరిగిన గుడారానికి వేశాడు. యుద్ధం ముగిశాక ఇళ్లు కట్టే పనిలోకి వచ్చి, వేడిగాలి, చల్లగాలి పంపే రేకు గొట్టాల అతుకుల మీదికి ఎక్కింది. రేకుకు తగ్గట్టు వెండి రంగూ వేసుకుంది, డక్ట్ టేపు అనే పేరూ తెచ్చుకుంది. ఆ ఉద్యోగం దానికి నప్పలేదు. 1998లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రవేత్తలు గొట్టాల అతుకులకు వాడే రకరకాల పదార్థాలను వేడికీ చలికీ మార్చి మార్చి గురిచేస్తే, ఘోరంగా విఫలమైంది ఈ బట్ట టేపే. వేడికి రబ్బరు జిగురు ఎండి పట్టు వదిలేస్తుంది. అక్కడ అల్యూమినియం రేకు టేపో, మందంగా పూసే సీలెంటో కావాలి.

నప్పిన చోట్లు వేరే ఉన్నాయి. అణు విద్యుత్ కేంద్రాల కోసం ప్రత్యేకంగా ఒక రకం చేస్తారు. అందులో క్లోరిన్ వంటి మూలకాలు మరీ తక్కువగా ఉండేలా పరీక్షిస్తారు, ఎందుకంటే అవి స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాల్లో పగుళ్లకు దారితీస్తాయి. సినిమా షూటింగుల్లో నేలమీది కేబుళ్లకు వేసే నల్లటి గాఫర్ టేపు దీని దగ్గరి చుట్టమే. లైటు పడితే మెరవదు, పీకాక జిగురు మిగల్చదు.

అంతరిక్షంలోనూ ఈ టేపు అక్కరకొచ్చింది. 1970 ఏప్రిల్‌లో చంద్రుడి వైపు వెళ్తున్న అపోలో 13 నౌకలో ఆక్సిజన్ ట్యాంకు పేలాక, ముగ్గురు వ్యోమగాములు ఇద్దరి కోసం చేసిన చంద్రనౌకలో తలదాచుకున్నారు. వదిలిన ఊపిరే విషమవుతోంది. దాన్ని పీల్చే డబ్బాలు ప్రధాన నౌకలో ఉన్నాయి గానీ అవి చదరంగా ఉన్నాయి, చంద్రనౌకలో కంతలు గుండ్రం. హ్యూస్టన్‌లో నాసా ఇంజనీరు ఎడ్ స్మైలీ బృందం ప్లాస్టిక్ సంచులు, అట్టలు, గొట్టాలతో కలిపే ఉపాయం కనిపెట్టి రేడియోలో చెబితే, పైన వాళ్లు ఆ ముక్కలన్నిటినీ బిగించింది బూడిదరంగు బట్ట టేపుతోనే. 1972 డిసెంబరులో అపోలో 17 కమాండర్ జీన్ సెర్నన్ సుత్తి తగిలి చంద్రబండి వెనక చక్రం మీది మడ్‌గార్డు విరిగింది. టేపు వేశాడు. చంద్రుడి దుమ్ము మీద పట్టు దొరక్క అది ఊడిపోయింది. విరిగిన చోటు నుంచి లేచే నల్లటి ధూళి మనుషుల మీదా పరికరాల మీదా పడితే వేడెక్కి చిక్కులు వస్తాయి. మర్నాడు నౌక లోపల, దుమ్ము లేని చోట, నాలుగు పటాలను ఒకదానికొకటి టేపుతో అతికి, ఆ పలకను బండికి బిగింపులతో తగిలించారు. మిగతా ప్రయాణమంతా అది నిలబడింది.

అప్పటికి వెస్టా స్టౌట్ లేదు. 1966లోనే కన్నుమూసింది. బతికుండగా షికాగో ట్రిబ్యూన్ పత్రిక ఆమెకు యుద్ధ కార్మికుల పురస్కారం ఇచ్చింది. ఆ తర్వాత చాలాకాలం టేపు చరిత్ర చెప్పేవాళ్లు కంపెనీ పేరు చెప్పి ఊరుకున్నారు. ఆమె రాసిన ఉత్తరమూ, వచ్చిన జవాబులూ కుటుంబం జాగ్రత్తగా దాచింది గనకనే ఈ కథ మనదాకా వచ్చింది. పెట్టె ఎలా ఉండేదో, టేపు ఎక్కడ వేయాలో, కొస ఎటు వదలాలో అధ్యక్షుడికి అర్థమయ్యేలా ఆమె గీసిన బొమ్మ కూడా ఆ ఉత్తరంలోనే ఉంది.