కైరో తీగ మీద మిగిలిన ఆవాజ్

మా చిన్నోడికి ఈ సెలవుల్లో కొత్త షౌఖ్ పట్టుకుంది. ఫోన్‌లో సింథసైజర్ యాప్ ఒకటి వేసుకుని రాత్రీ పగలూ దాంతోనే కాలక్షేపం. వాళ్ళమ్మీ వంట చేస్తుంటే కుక్కర్ విజిల్ రికార్డు చేశాడు. దాన్ని సాగదీసి, తిరగేసి, గుహలోంచి వస్తున్నట్టు మార్చి నాకు వినిపించాడు. కుక్కర్ అని చెప్తే తప్ప తెలియదు. "అబ్బా, ఇదంతా గోరాలోళ్ళ హునరేనా? మనోళ్ళెవరూ లేరా ఇందులో?" అన్నాడు.

మనోళ్ళు అనే మాట జాగ్రత్తగా వాడాలి బేటా అన్నాను. నాకు వెంటనే గుర్తొచ్చిన మనిషి కైరో షహర్‌లో పుట్టినవాడే, మాతృభాష అరబీయే, కానీ ఖిబ్తీ ఈసాయి కుటుంబం వాడు. పేరు హలీం అల్ దబ్. పేరు చూసి "సుభానల్లాహ్, మరో ముసల్మాన్ సైన్స్‌దాన్" అని ఫార్వర్డ్ చేసే జనం మనలో తక్కువేం లేరు కాబట్టి ముందే చెప్తున్నా. ఆయన ముసల్మానూ కాదు, సైన్స్‌దానూ కాదు. కానీ ఆయన కహానీ మన ఇళ్ళల్లో తెలియాల్సినదే.

1921లో పుట్టాడు, తొమ్మిది మంది పిల్లల్లో ఆఖరివాడు. కైరో యూనివర్సిటీలో వ్యవసాయ ఇంజినీరింగ్ చదివాడు. మౌసిఖీ ఆయనకి రోజీ కాదు, షౌఖ్. పియానో వాయించేవాడు, డోలు మీదా చెయ్యి ఆడేది. 1944లో, అంటే జంగ్ ఇంకా నడుస్తున్న జమానాలో, కైరోలోని మిడిల్ ఈస్ట్ రేడియో స్టేషన్ వాళ్ళ దగ్గర వైర్ రికార్డర్ ఒకటి అడిగి తీసుకున్నాడు. టేపు రికార్డర్ ఇంకా జనం చేతికి రాని రోజులవి. ఈ యంత్రంలో వెంట్రుకంత సన్నని స్టీలు తీగ ఒక చక్రం మీది నుంచి ఇంకో చక్రానికి పరుగెత్తుతుంది. మైకులోకి వెళ్ళిన ఆవాజ్ ఆ తీగ మీద అయస్కాంత గుర్తులుగా పడుతుంది. తీగ తెగితే రెండు కొసలూ ముడేసి మళ్ళీ నడిపించేవాళ్ళు, మన ఇళ్ళల్లో పతంగి మాంజా ముడేసినట్టే.

ఆ బరువైన పెట్టె మోసుకుని ఆయన వెళ్ళింది ఏ పెద్ద ఉస్తాద్ మెహఫిల్‌కో కాదు. జార్ అనే రస్మ్ దగ్గరికి. ఒంట్లో ఏదో రూహ్ చేరి బీమార్ చేసిందనుకునే ఆడవాళ్ళ కోసం ఆడవాళ్ళే జరిపే ఇలాజ్ అది. ఈజిప్టులో, సూడాన్‌లో, ఇథియోపియాలో ఉంది. డఫ్‌లు, డోళ్ళు, పాట, ఊగడం, ఒళ్ళు మరిచి పడిపోయేదాకా. ఉలమా దాన్ని ఒప్పుకోరు. అయినా ఆపేవాళ్ళెవరు? మన దర్గాల దగ్గర జుమ్మేరాత్ నాడు హాజిరీ వచ్చి జుట్టు విరబోసుకుని ఊగే ఆడవాళ్ళని చూసినవాళ్ళకి ఈ దృశ్యం మరీ పరాయిగా ఉండదు. ఆ దుఃఖాన్ని ఇంట్లో ఎవరూ వినిపించుకోకపోతే కదా అక్కడిదాకా వచ్చేది.

మగవాళ్ళకి అక్కడ ప్రవేశం లేదు. ఆయనా, ఒక దోస్తూ తలలు కప్పుకుని ఆడవాళ్ళలా లోపలికి దూరామని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. నాకు ఈ ముక్క దగ్గర కొంచెం ఇబ్బంది. షౌఖ్ ఎంత గొప్పదైనా, ఒకరి ఆవాజ్ తీసుకోవడానికి ఇజాజత్ అనేది ఉండాలి కదా. మా చిన్నోడికి మాత్రం ఈ ముక్కే భలే నచ్చింది.

తీగ తీసుకుని రేడియో స్టేషన్‌కి తిరిగొచ్చాక అసలు పని మొదలైంది. అక్కడ ప్రతిధ్వని గదులున్నాయి, కరెంటు తగ్గించి పెంచే సాధనాలున్నాయి, గోడలు జరపడానికి వీలున్న ఒక గది ఉంది. ఆ గదిలో ఆవాజ్‌ని స్పీకర్లోంచి వదిలి, గోడలు జరిపి, మళ్ళీ రికార్డు చేశాడు. గోడ జరిగిన కొద్దీ గూంజ్ మారుతుంది. ఇంకో పని కూడా చేశాడు, అదీ ముఖ్యమైనది. ఏ ఆవాజ్‌లోనైనా అడుగున ఒక మూల ధ్వని ఉంటుంది, దాని మీద చిన్న చిన్న పైధ్వనులు ఎన్నో ఉంటాయి. తంబూరా తీగ ఒక్కసారి మీటి చెవి దగ్గర పెట్టుకుంటే తెలుస్తుంది, ఒక్క తీగలోంచే ఎన్ని స్వరాలు లేస్తాయో. ఆయన మూల ధ్వనిని తీసేసి పైధ్వనులు మాత్రం ఉంచాడు. మాటలు పోయాయి, డోలు దెబ్బ పోయింది. ఆవిరి లాంటిదేదో మిగిలింది. ఆ యేడాదే కైరోలో జనానికి వినిపించాడు. యాప్‌లో మావాడు బొటనవేలితో జరిపే ఫిల్టర్, రివర్బ్ అనే మీటలకి అప్పటి రూపం అదే. కాకపోతే మీట బదులు గోడ.

ఇరవై నిమిషాలకు పైగా సాగే ఆ రచనలో నేడు మనం వినగలిగేది రెండు నిమిషాల ముక్క మాత్రమే. అది కూడా 2000లో సీడీగా వచ్చాకే లోకానికి తెలిసింది. మేం ఇంట్లో స్పీకర్ పెట్టి వింటుంటే పక్క గదిలోంచి మా అమ్మీ, "ఎవరింట్లో మౌత్ అయింది రా?" అని లేచొచ్చింది. మాటలన్నీ చెరిపేసినా ఆమెకి అది ఆడవాళ్ళ గొంతేనని తెలిసిపోయింది.

ఇక తారీఖ్ కితాబుల సంగతి. ఈ తరహా మౌసిఖీ పుట్టుక అనగానే పారిస్ అంటారు. రేడియో ఇంజినీరు పియర్ షేఫర్ రైలింజన్ల చప్పుళ్ళు రికార్డు చేసి, కలిపి, 1948 అక్టోబర్ 5న ఫ్రెంచ్ రేడియోలో వినిపించాడు. ముందు వెనకలు లెక్కేస్తే కైరో నాలుగేళ్ళు ముందు. ఇది చెప్పకపోవడం నాఇన్సాఫీయే. అలాగని అల్ దబ్‌ని ఈ కళకి బాబా ఆదం చేసేయడమూ సహీ కాదు. 1930లోనే బెర్లిన్‌లో గ్రామఫోన్ రికార్డులతో ప్రయోగాలు జరిగాయి. 1939లో అమెరికాలో జాన్ కేజ్ రికార్డుల వేగం మార్చి వాయించాడు. పైగా షేఫర్ తన పద్ధతికి పేరు పెట్టాడు, రాశాడు, షాగిర్దులని తయారు చేశాడు. కైరో తీగని ఈజిప్టు బయట విన్నవాడే లేడు. ముందు చేసినవాడు ఒకడు, దారి వేసినవాడు ఇంకొకడు. ఇద్దరికీ ఎవరి హఖ్ వాళ్ళకి ఇవ్వడానికి మనకేం నష్టం?

1950లో ఆయన స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్ళాడు. దశాబ్దం చివరికి న్యూయార్క్‌లోని కొలంబియా-ప్రిన్స్‌టన్ ఎలక్ట్రానిక్ మ్యూజిక్ సెంటర్ చేరాడు. ఆర్‌సీఏ మార్క్ టూ అనే సింథసైజర్ అక్కడే ఉండేది. ఒక గది గోడంతా పట్టేది. ఏ స్వరం ఎప్పుడు, ఎంతసేపు పలకాలో కాగితం చుట్ట మీద రంధ్రాలు పొడిచి చెప్పాలి దానికి. ఆయనకి మాత్రం ఆ మహా యంత్రం కన్నా టేపు మీదే మోజు. మనుషుల గొంతులు, వాద్యాలు, ఎలక్ట్రానిక్ ధ్వనులు కలిపి 1959లో ఒక రచన చేశాడు. దాని ఇతివృత్తం ఏమిటనుకున్నారు? లైలా మజ్నూ! మన నానీలు, దాదీలు చెప్పిన ఖిస్సానే. 1964లో ఆ సెంటర్ వాళ్ళ ఎల్పీ రికార్డు మీద అది వచ్చింది. అదే రికార్డు మీద బులెంట్ అరెల్ అనే తుర్కీ మౌసిఖీకారుడి రచన కూడా ఉంది.

రంధ్రాల కాగితం అన్నాను కదా, మావాడు అడిగిన "మనోళ్ళు" వచ్చేది ఇక్కడ. తొమ్మిదో సదీలో బగ్దాద్‌లో బనూ మూసా అని ముగ్గురు భాయిలుండేవారు: ముహమ్మద్, అహ్మద్, హసన్. ఖలీఫా మామూన్ నీడలో, బైతుల్ హిక్మాలో ఇల్మ్ నేర్చినవాళ్ళు. తనంతట తానే వాయించుకునే వాద్యం గురించి ఒక రిసాలా రాశారు. నీటి బలంతో గాలి వేణువులోకి వెళ్తుంది. పక్కనే ఒక పీపా తిరుగుతుంటుంది, దాని మీద మేకులు. మేకు తగిలినప్పుడల్లా ఒక మీట లేచి వేణువు రంధ్రం తెరుచుకుంటుంది. మేకుల చోటు మారిస్తే పాట మారుతుంది. వాయించే మనిషి లేకుండా, ముందే రాసిపెట్టిన హుకుం ప్రకారం పలికే యంత్రం. మావాడి యాప్‌లో గళ్ళు గళ్ళుగా వెలిగే సీక్వెన్సర్ చేసేది ఇదే పని. దీన్నుంచే అది పుట్టిందని నేననను. కానీ ఆ ఆలోచన వెయ్యేళ్ళ కిందే అరబీలో కాగితం మీద ఉంది.

అల్ దబ్ తర్వాత ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాడు. గీజా పిరమిడ్ల దగ్గర 1961లో మొదలైన రాత్రి వెలుగుల షోకి సంగీతం ఆయనదే. 2017 సెప్టెంబర్ 2న, 96 ఏళ్ళ వయసులో ఇంతెఖాల్ అయ్యాడు.

రాత్రి పడుకోబోతూ చిన్నోడు అడిగాడు, "ఆ ఆడవాళ్ళ పేర్లేంటి అబ్బా?" ఎక్కడా చదవలేదన్నాను. "వాళ్ళు విన్నారా దాన్ని?" అన్నాడు. పొద్దున లేచేసరికి కుక్కర్ విజిల్ ఫైలుకి వాళ్ళమ్మీ పేరు పెట్టి దాచుకున్నాడు.