ఊరు దాటిన హార్డ్ డిస్క్

చెడిపోయిన హార్డ్ డిస్క్ నుంచి డేటా రాబట్టడం నాలుగు దశాబ్దాలుగా నడుస్తున్న వృత్తి. డిస్కుల కెపాసిటీ పెరిగేకొద్దీ వాటిని బాగుచేయగల చోటు కాజీపేట లాంటి ఊళ్లకు దూరం జరుగుతూ వచ్చింది. ఈ వృత్తి చరిత్రను ఆ దూరాన్ని బట్టి చెప్పుకోవడమే సులువు.

సికింద్రాబాద్, విజయవాడ, బల్లార్షా లైన్లు కలిసే జంక్షన్‌గా కాజీపేట అందరికీ తెలుసు. కంప్యూటర్లతో చుట్టరికం కలిపింది మాత్రం హనుమకొండ రోడ్డు మీది కాలేజీ. 1959 అక్టోబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ 2002లో నిట్ అయింది; పాతవాళ్లకు ఇప్పటికీ అది ఆర్‌ఈసీయే. అక్కడ సగం సీట్లు బయటి రాష్ట్రాల విద్యార్థులవి. ఇంటికి దూరంగా హాస్టల్లో ఉండేవాళ్ల నోట్సు, ప్రాజెక్టు, ఫొటోలు అన్నీ ఒకే లాప్‌టాప్‌లో ఉంటాయి. ఇంకో కాపీ తీసిపెట్టుకునే బుద్ధి సాధారణంగా డిస్కు పోయాకే పుడుతుంది.

మొదటి హార్డ్ డిస్క్ 1956లో ఐబీఎం రామాక్ కంప్యూటర్‌తో వచ్చింది. 24 అంగుళాల పళ్లేలు 50 ఉన్నా, మొత్తం పట్టేది సుమారు 5 మెగాబైట్లు. పళ్లేనికీ దాన్ని చదివే హెడ్‌కీ మధ్య ఖాళీ దాదాపు 20 మైక్రాన్లు. 1988లో ప్రెయిరీటెక్ సంస్థ రెండున్నర అంగుళాల డిస్కు తెచ్చింది, 20 మెగాబైట్లది. లాప్‌టాప్‌లకు ఆ సైజే స్థిరపడింది. ఈనాటి డిస్కుల్లో హెడ్ పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులోనే తేలుతుంది. అంటే కంటికి కనబడని ధూళి కూడా దానికి అడ్డే.

తొలినాళ్లలో పోయేది డేటా కాదు, దాని చిరునామా. డాస్‌లో ఫైలును డిలీట్ చేస్తే జాబితాలో దాని పేరులోని మొదటి అక్షరం మారేది, అది ఉన్న చోటు ఖాళీ అని గుర్తు పడేది. అసలు సరుకు కదిలేది కాదు. పీటర్ నార్టన్ 1982లో తెచ్చిన అన్‌ఎరేస్ ప్రోగ్రాము ఈ కిటుకు మీదే నడిచింది. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ ఆసియా దేశాల్లో చాలా డిస్కుల మొదటి భాగాన్ని చెరిపేసింది. అప్పుడు కూడా జాబితా రెండో కాపీ మిగిలిన చోట ఫైళ్లు తిరిగొచ్చాయి. ఈ పనికి ఒక కంప్యూటరు, ఒక ప్రోగ్రాము, కాస్త ఓపిక చాలు. ఏ ఊళ్లోనైనా చేయొచ్చు.

కరెంటు హెచ్చుతగ్గులకు కాలిపోయేది డిస్కు కింద ఉండే పచ్చ బోర్డు. ఒకప్పుడు అదే మోడల్ బోర్డు ఇంకొకటి తెచ్చి బిగిస్తే డిస్కు లేచేది. తర్వాత తయారీదారులు ఒక్కో డిస్కుకు ప్రత్యేకమైన కొలతలను బోర్డు మీది ఎనిమిది కాళ్ల చిప్‌లో రాయడం మొదలుపెట్టారు. దాంతో పాత చిప్‌ను వేడిగాలితో ఊడదీసి కొత్త బోర్డుకు అతకాల్సి వచ్చింది. సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో హాట్ ఎయిర్ మెషీన్ ఉంటుంది కాబట్టి ఇంతవరకూ పని ఊరు దాటనక్కర్లేదు.

ఆ తర్వాతి చిక్కు డిస్కు లోపలి సొంత ప్రోగ్రాముది. 2008 చివర, 2009 మొదట్లో సీగేట్ బారకుడా 7200.11 డిస్కులు ఏ దెబ్బా తగలకుండానే మొరాయించాయి. పళ్లేలు బాగున్నాయి, హెడ్‌లు బాగున్నాయి, కంప్యూటరుకు మాత్రం డిస్కు కనబడదు. అవి డెస్క్‌టాప్ డిస్కులే అయినా వృత్తి దారి మార్చాయి. బోర్డుకూ లోపలి కాంటాక్టులకూ మధ్య పలచని కాగితం ముక్క పెట్టి, సీరియల్ కేబుల్‌తో కమాండ్లు పంపి, కరెంటు ఉండగానే కాగితం లాగేసి స్క్రూలు బిగించడం దాని విరుగుడు. ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ బల్ల మీద చేయగలిగిన పనే, చెయ్యి వణక్కపోతే! లాప్‌టాప్ డిస్కుల్లో ఇలాంటి రోగాలకు రష్యా సంస్థ ఏస్ ల్యాబ్ తయారుచేసే పీసీ-3000 లాంటి ఖరీదైన పరికరం కావాలి. ఇక్కడ చిన్న షాపు ఆగిపోయింది.

కింద పడిన లాప్‌టాప్‌లో డిస్కు "టక్, టక్" మంటే హెడ్ దెబ్బతిన్నట్టే అనుకోవచ్చు. అప్పుడు అదే మోడల్ డోనర్ డిస్కు నుంచి హెడ్‌లు తీసి, ధూళి లేని క్లీన్ రూమ్‌లో మార్చాలి. ఆ పనికి ఊరు దాటాల్సిందే. కాజీపేట నుంచి రైల్లో 132 కిలోమీటర్లు వెళ్తే సికింద్రాబాద్. ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్, వాడుకలో సీటీసీ, ఈ ప్రాంతానికి పెద్ద కంప్యూటర్ బజారు. డిస్కు అక్కడికి చేరేలోపే నష్టం జరిగిపోతుంటుంది. పదేపదే ఆన్ చేసి చూస్తే విరిగిన హెడ్ పళ్లేన్ని గీకుతుంది. ఫ్రీజర్లో పెట్టే చిట్కా లోపల తేమ చేరుస్తుంది. పైగా ఇటీవలి చాలా ఒక టెరాబైట్ లాప్‌టాప్ డిస్కుల్లో ట్రాకులు కప్పు మీది పెంకుల్లా ఒకదాని మీదికొకటి ఎక్కి ఉంటాయి. వాటి నుంచి డేటా తీయడం మరీ కష్టం.

సరైన చేతుల్లో పడితే ఏం సాధ్యమో కొలంబియా వ్యోమనౌక డిస్కు చూపింది. కల్పనా చావ్లా ప్రయాణించిన ఆ నౌక 2003 ఫిబ్రవరి 1న ముక్కలైపోయింది. నెలల తర్వాత దొరికిన సీగేట్ డిస్కు కాలి నల్లబడి ఉంది. అమెరికాలోని ఆన్‌ట్రాక్ నిపుణులు పళ్లేలను కడిగి కొత్త పెట్టెలో అమర్చి, దాదాపు 99 శాతం డేటా తీశారు. ఆ కంప్యూటరు డాస్ మీద నడిచినందున డేటా ఒకేచోట కుదురుగా ఉంది, అదీ కలిసొచ్చింది. ఆ డిస్కులో దొరికిన, జెనాన్ వాయువు మీద జరిపిన ప్రయోగం ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి.

ఇప్పటి చాలా లాప్‌టాప్‌లలో తిరిగే పళ్లెమే లేదు. దాని బదులు వచ్చిన ఎస్‌ఎస్‌డీలో డిలీట్ చేసిన ఫైలు ఉన్న చోటును ట్రిమ్ కమాండు అందగానే కంట్రోలర్ తనకు తానే తుడిచేసుకుంటుంది. నార్టన్ నాటి కిటుకు ఇక్కడ పారదు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన చాలా యంత్రాల్లో డేటాను దానంతటదే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. అప్పుడు బోర్డును బాగుచేసినా 48 అంకెల బిట్‌లాకర్ కీ లేనిదే ఏ ల్యాబూ ఫైలు ఇవ్వలేదు. ఆ కీ కాలేజీ ఖాతాలో ఉందా, సొంత మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందా, ఎక్కడైనా రాసిపెట్టుకున్నారా అని రిపేరు షాపులో మొదట అడగాల్సింది ఇప్పుడు లాప్‌టాప్ యజమానినే.