ఉపలశబ్దము - ఓపల్, గార్నెట్టు ఱాలు

వెండియుంగరమున నెఱ్ఱని గార్నెట్టులను, పలువన్నెల ఓపల్ ఱాతిని గూర్చి పొదుగుట నేఁడు పలుదేశములందు వాడుకలో నున్నది. అంగడిపేళ్లను బట్టి చూచువారికి రెండును విదేశీయములుగనే తోఁచును. కాని యీ రెండు ఱాలకును భారతదేశముతోఁ బురాతనసంబంధము గలదు. ఆ సంబంధము మాత్ర మొక్క తీరున నున్నది కాదు. ఒకదానికిఁ బేరు మన దేశమునుండి పోయినది. వేఱొకదాని విషయమున ఱాయియే పోయినది. ఈ భేదమును గుర్తింపనిచో శబ్దచరిత్ర వస్తుచరిత్రగా భ్రమింపఁబడును.

ఓపల్ అను పేరునకు లాటినున 'ఓపలుస్' అనియు, గ్రీకున 'ఓపాల్లియోస్' అనియుఁ బూర్వరూపములు. వీనికి సంస్కృతమందలి ఉపలశబ్దమే మూలమని పెక్కండ్రు భాషాశాస్త్రజ్ఞుల మతము. అది సంభావ్యమే. అయినను ఉపలశబ్దమున కర్థ మేమో విచారింపవలయును. ఋగ్వేదము తొమ్మిదవ మండలమున ధాన్యము నూఱు స్త్రీని దెలుపు సమాసమున నీ శబ్దము కానవచ్చుచున్నది. శ్రౌతకర్మలందు దృషత్తు క్రిందిఱాయి, ఉపల పైఱాయి. అమరకోశమున నిది సామాన్యశిలకుఁ బర్యాయము. రత్నమను నర్థము లక్షణచే వచ్చి తరువాతి కోశముల కెక్కినది. కావున నిది సామాన్యవాచకమే కాని యొక మణివిశేషమునకు సంజ్ఞ కాదు. క్రీ.శ. 6వ శతాబ్దివాఁడగు వరాహమిహిరుఁడు బృహత్సంహితయందు 22 రత్నములను బేర్కొనెను. వానిలో ఉపలమను రత్నము లేదు.

రోమకపండితుఁడగు ప్లినీ క్రీ.శ. 77 ప్రాంతమునఁ బూర్తిచేసిన ప్రకృతిచరిత్రయందు, 37వ భాగమున, ఓపలునకు భారతదేశమే జన్మభూమి యని వ్రాసెను. నోనియస్ అను సభాసదుఁడు ఆంటోనీ యాగ్రహమునకు గుఱియై పాఱిపోవునపుడు, తన సర్వస్వమును విడిచి ఓపల్ ఉంగర మొక్కటి మాత్రము వెంటఁ గొనిపోయెనని యాతఁడే చెప్పెను. కాని రోమకులు ధరించిన ఓపల్ ఱాలు నేఁటి స్లొవేకియా దేశమందలి దుబ్నిక్ గనులవని పలువురు పరిశోధకుల యభిప్రాయము. దూరదేశపుఁ బేరు వెలను బెంచుట వర్తకమునఁ గ్రొత్త కాదు. ఇచటను నట్లే జరిగియుండు నని యూహింపవచ్చును.

గార్నెట్టు చరిత్ర దీనికి విపరీతము. దానిమ్మకు లాటినున నున్న పేరునుండి యీ పదము పుట్టినది. ఱాయి దానిమ్మగింజను బోలియుండుటయే కారణము. పుదుచ్చేరి సమీపమున నున్న అరికమేడున 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వకములు జరిపెను. రోమక వర్తకముతో సంబంధించిన యా స్థలమున గార్నెట్టు పూసలు దొరకినవి. వీనిని, తెలంగాణమునఁ గొత్తగూడెమునకు సమీపమునఁ గల గరీబ్‌పేట గార్నెట్టులను బోల్చి పరీక్షించిన శాస్త్రజ్ఞులు, అరికమేడు ఱాలకు గరీబ్‌పేటయే యాకరమని 2017లోఁ బ్రకటించిరి. ఱాతిలోపల నిమిడియున్న సన్నని సిల్లిమనైటు తంతువుల యమరిక యీ నిర్ణయమునకు ముఖ్యసాక్ష్యములలో నొకటి. ఐరోపాలో 5, 6 శతాబ్దుల యాభరణములందలి గార్నెట్టులలోఁ బెక్కింటికి భారతదేశమే మూలమని పరీక్షలు తెలుపుచున్నవి. ఇట్లు తెలుఁగునేలఱాయి పేరు లేకయే సముద్రమార్గ మెక్కినది.

మన శాస్త్రములం దీ యెఱ్ఱఱాతి పేరేమి? పులకమే గార్నెట్టని కొందఱందురు. పద్మరాగభేదములలో నిదియుఁ జేరియుండు నని కొందఱందురు. నిశ్చయముగాఁ జెప్పఁదగినది గోమేదక మొక్కటియే. నేఁడు నవరత్నములందు గోమేదకమను పేర వాడు హెస్సొనైటు గార్నెట్టుజాతిలోనిదే. దీనిని దెలుఁగున 'గోమేధిక' మని మహాప్రాణముతో వ్రాయుట గలదు. ఆవుక్రొవ్వువంటి వన్నె గలది యను నర్థమున మేదశ్శబ్దమునుండి వచ్చినది కావున నల్పప్రాణరూపమే సాధువు. గోమేధయాగముతో దీనికి సంబంధము లేదు.

పేళ్ల విషయమున నీ జాగ్రత్త పండితులకే కాదు, ఉంగరము ధరించువారికిని నక్కఱకు వచ్చును. రెండును రత్నములే యని యొక్క తీరునఁ గాపాడరాదు. మోస్ 1812లో నేర్పఱచిన కాఠిన్యమానమున గార్నెట్టు 6.5 మొదలు 7.5 వఱకు, ఓపల్ 5.5 మొదలు 6.5 వఱకు నుండును. ధూళిలోని స్ఫటికరేణువుల కాఠిన్యము 7. అనఁగా దుమ్ముతోనే ఓపలుపై గీఁతలు పడును. ఓపలున సాధారణముగా నూటికి 3 మొదలు 10 పాళ్ల నీరు గలదు. తీవ్రమగు వేఁడిమిచే నది యింకి ఱాయి పగులవచ్చును. దాని వన్నెలకుఁ గారణము వరుసగాఁ బేర్చినట్లున్న సిలికా సూక్ష్మగోళములని 1964లో నిర్ణయింపఁబడినది. ఇథియోపియా ఓపలులలోఁ గొన్ని నీటిని, నూనెను, రంగును బీల్చుకొనును.

వెండి గాలిలోని గంధకసంబంధవాయువులచే నల్లబడును. దానిని జింతపండుతోను, బూడిదతోను దోముట మన యిండ్లలోని యాచారము. పళ్లెమునకుఁ జెంబునకు నది తగును. ఓపల్ పొదిగిన యుంగరమునకుఁ దగదు. బూడిదతోఁ జేరిన యిసుక ఱాతి మెఱుఁగును జెఱుచును. మెత్తని గుడ్డతో లోహమును మాత్రము తుడిచి, ఱాతిని దడిగుడ్డతో నొత్తి, వెంటనే యారఁదుడుచుట మేలు. గార్నెట్టు మాత్రమే పొదిగిన యుంగరమును గోరువెచ్చని సబ్బునీటఁ గడుగవచ్చును. ఉంగరమును దక్కిన నగలతోఁ గలిపి యుంచక వేఱు సంచిలో నుంచవలయును.

కావునఁ గావ్యవ్యాఖ్యానములందు ఉపలమునకు 'ఓపల్' అని యర్థము వ్రాయుట యుక్తము కాదు. అట్లు వ్రాసినచో నూఱుఱాయి రత్నమగును. పూర్వులు ధరింపని మణిని వారికిఁ దొడిగినట్లగును. మఱియొక ప్రక్కఁ గొత్తగూడెపు నేలనుండి యైరోపా దాఁక వ్యాపించిన ఱాయి విదేశీయమని విద్యార్థులు తలఁతురు. శబ్దసామ్యమును మాత్రమే నమ్మక యాకరమును, ద్రవ్యమును గూడఁ బరీక్షించిన పిమ్మటనే నిఘంటువున నర్థము చేర్పవలయును.